పందెం కాదండీ, ఆట

శ్రీనివాసరాజుకి మిగిలింది ఒక్కటే మాట. యాభై.

రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి, వల లాగిన సరుకుని గుప్పెడు తీసి చూసి, కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పడం ఆయన పని. దాన్ని కౌంటు అంటారు. ముప్పై, నలభై, యాభై అని ఆయన అరిస్తే అవతలి గట్టు మీద కాటా దగ్గరివాళ్ళు రాసుకునేవారు. ఆ గొంతుని ఎవరూ మళ్ళీ తూచి చూసుకునేవారు కాదు. మాఘమాసంలో ఒక పొద్దున, ఏరేటర్లు నీటిని చిలుకుతుండగా, కౌంటు చెప్పి ఆ గట్టు మీదే కూలబడ్డాడు. భీమవరం ఆసుపత్రిలో పదహారు రోజులు ఉంచారు. కాలు కొంత తిరిగొచ్చింది, చెయ్యి కొంత తిరిగొచ్చింది. మాటల్లో మాత్రం, ఆఖరుసారి నోట్లోంచి వెళ్ళినది ఒక్కటే తిరిగొచ్చింది.

దాహం వేస్తే యాభై. నిద్ర పట్టకపోతే యాభై. భార్య భానుశ్రీ నుదురు నిమిరితే, కళ్ళనిండా నీళ్ళతో, యాభై. లోపల మాటలు నిండుగా ఉన్నాయని ఆమెకి తెలుసు. నీళ్ళున్న కాలవకి తూము మూసుకుపోయినట్టు, అంతే. గట్టు అవతల నిలబడి ఆ నీళ్ళ చప్పుడు వినడం ఆమె బతుకైంది.

ఆ రోజుల్లోనే ఆమె ఫోన్‌లో ఆటలు వెతకడం మొదలుపెట్టింది. మాట పోయినవాళ్ళు ఆడే ఆటలేమైనా ఉన్నాయా అని వెతుకుతూ పోతే, ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంది. బల్ల మీద పరుచుకుని ఆడే ఆటలు. వాటిని పెద్ద కంపెనీలు చెయ్యవు. ఎక్కడో ఒక గదిలో ఎవరో ఒకరు కూర్చుని చేస్తారు. తేనెటీగల మీద ఒకటి, కుమ్మరి ఆవం మీద ఒకటి, ఆటుపోట్ల మీద ఒకటి. ఫోన్‌లో ఒక పేజీ పెట్టి, ఆలోచన చెప్పి, నాలుగు బొమ్మలు చూపించి, ఇంతమంది ముందుకొస్తే అచ్చువేస్తామంటారు. నచ్చినవాళ్ళు తలా కొంచెం వేసుకుంటారు. అనుకున్నంత మంది గడువులోగా రాకపోతే ఎవరి డబ్బు వాళ్ళకే. ఆట మాత్రం పుట్టదు.

భానుశ్రీ ఆటుపోట్ల ఆటకి చెయ్యి కలిపింది. నాలుగు నెలలకి అది పెట్టెలో వచ్చింది, చేసినవాడు చేత్తో రాసిన ఉత్తరంతో. ముఖం తెలియని మనుషులు ఒకరికొకరు ఇలా పడవలు పంపుకుంటారా అని ఆమెకి ఆశ్చర్యం వేసింది. ఆ ఆటలో చదవాల్సింది ఎక్కువ, ఆయనకి పనికిరాలేదు. కానీ వెతకడం అలవాటైంది. పేజీ మీది రంగులు చూసి మోసపోకూడదని, చేసినవాళ్ళు నియమాలన్నీ ముందే చదవనిచ్చారో లేదో చూడాలని నేర్చుకుంది. అలా చూస్తూ చూస్తూ శ్రావణంలో మైసూరు అమ్మాయి పేజీ దగ్గర ఆగింది.

ఆ ఆట పేరుని తెలుగులో చెప్పుకుంటే ‘మాటలేని రేవు’. మాట పోయిన తన తండ్రి కోసం మొదలుపెట్టానని రాసింది ఆ అమ్మాయి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. చెరి ఆరు ముక్కలు, ముక్క మీద ఒక బొమ్మ. ఒకరు ఒకటి వేస్తే రెండోవారు దానికి జవాబుగా ఇంకొకటి వెయ్యాలి. ఇద్దరూ తల ఊపితే చిన్న పడవ ఒక గడి ముందుకి జరుగుతుంది. ఎవరైనా మాట్లాడితే పడవ మళ్ళీ మొదటి రేవుకే. మొత్తం తొంభై ముక్కలు. రుచి చూడమని పన్నెండు ఉచితంగా పెట్టింది. మిగతావి ఇంకా గీయలేదు, నాలుగువందల మంది వస్తే చిత్రకారుణ్ణి పెట్టుకుని గీయిస్తుంది.

భానుశ్రీ ఆ పన్నెండూ, పడవ జరిగే గళ్ళ బొమ్మా ఉండి ఊళ్ళో అప్పాజీ జెరాక్స్ షాపులో మందపాటి కాగితం మీద తీయించింది.

“ముక్కలాండీ?” అన్నాడు అప్పాజీ, కత్తెరతో అంచులు కోస్తూ. “రాజుగారింట్లో పేకాట మొదలెట్టారేంటండీ?”

ఆమె నవ్వి, ముక్కలు సంచిలో సర్దుకుంది.

ఆ సాయంత్రం మంచం పక్కన బల్ల వేసి, గళ్ళ మీద చిన్న కాగితప్పడవ పెట్టి, ముక్కలు ఆయన ముందు పరిచింది. పడవ, వాన, తలుపు, పొయ్యి, చెయ్యి, నిచ్చెన, ఖాళీ కుర్చీ, ఇంకొన్ని. ఆయన చాలాసేపు చూసి, ఎడంచేత్తో పొయ్యి వేశాడు. ఆమె చేతిలోంచి వాన వేసింది. ఆయన ఆ రెండు ముక్కల్నీ దగ్గరికి జరిపాడు. తరవాత నవ్వాడు. పెళ్ళైన ఏడాది వరద వంటింట్లోకొచ్చేస్తే, మంచం మీద పొయ్యి పెట్టి ఆమె అన్నం వండింది. అదే ఆయన అడిగింది. అదే ఆమె చెప్పింది. ఆరునెలల తరవాత ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకున్నారు.

వారం గడిచింది. పన్నెండు ముక్కల్లో ఉన్న కబుర్లన్నీ అయిపోయాయి. ఒకరోజు ఆయన పడవ వేసి, ఇంకేదో వెతికాడు. ఆమె చేతిలోవి లాక్కుని వెతికాడు. లేదు. బల్ల మీద గుద్దాడు. యాభై, యాభై, యాభై. ఆమె పెన్సిలు తీసుకుని తనే గీసింది. చెట్టు, పాప, చేప, దేవుడు. ఆయన ఒక్కొక్కటీ చూసి పక్కకి నెట్టేశాడు. ఆమె గీసిన బొమ్మల్లో ఆమె మాటలే ఉన్నాయి, ఆయనవి లేవు. అవి ఆ గీయని డెబ్భైఎనిమిదిలో ఎక్కడో ఉంటాయి.

శుక్రవారం పొద్దున పేజీ తెరిచి చూస్తే మూడువందల నలభైఒక్కమంది. గడువు ఆదివారం సాయంత్రం ఆరు.

ఆమె బావగారు, అంటే ఆయన అన్నగారు శ్రీరామరాజు, వసారాలో టీ తాగుతున్నాడు. భానుశ్రీ స్తంభం పక్కన నిలబడింది.

“బావగారూ, ఒక ఆట మీద డబ్బు పెట్టాలండి. మీరూ, మీ స్నేహితులూ.”

గ్లాసు పెదవి దగ్గరే ఆగిపోయింది. “ఏం ఆటమ్మాయ్? ఫోన్లోనా?”

“ఫోన్లోనే కట్టాలండి. ఎల్లుండి ఆరింటిదాకా టైముంది. నాలుగొందలమంది వస్తే...”

“వస్తే?”

“వస్తేనే ఆట ఉంటుందండి. రాకపోతే ఎవరిది వాళ్ళకి వచ్చేస్తుంది.”

“ఎన్నాళ్ళయింది ఇది అలవాటై?”

“ఈ ఏడాదేనండి.”

ఆమె చెప్పిన ప్రతి ముక్కా నిజం. ప్రతి నిజమూ ఆయన చెవిలో ఇంకోలా మోగింది. ఆట మీద పెట్టడమంటే ఆ నేల మీద ఒకటే అర్థం.

“దేవుడా! మొగుడు మంచాన పడితే ఫోన్లో పందేలా! ఊళ్ళో ఇద్దరు కుర్రోళ్ళు ఇలాగే కదమ్మా నాశనమైంది. ఇటివ్వు ఫోను.”

“పందెం కాదండీ, ఆటండీ.”

“అందరూ అదే అంటారమ్మాయ్. ఇటివ్వు.”

ఫోను ఆయన జేబులోకి వెళ్ళిపోయింది. ఆమె ఎదురింటి పెద్దింట్లమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఈసారి మాట మార్చింది. “చందా అనుకోండి పిన్నిగారూ.”

“ఏ గుడికే?”

“గుడికి కాదండి. మైసూరులో ఒకమ్మాయి...”

“మైసూరోళ్ళకి మనం చందా ఏంటే తల్లీ! మన రాములోరి గుడికే సున్నం లేదు. రసీదు పుస్తకమైనా ఉందా?”

సాయంత్రానికి పదకొండు గడపలు ఎక్కి దిగింది. అప్పు కాదు, చందా కాదు, చీటీ కాదు, పందెం కాదు. అదేమిటో చెప్పడానికి ఆమెకి మాట దొరకలేదు. ఇంటికొచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి మాట పోయినట్టుంది.

శనివారం పొద్దున చిట్టియ్య టీ కొట్టు దగ్గరికి వెళ్ళింది. అక్కడ మగవాళ్ళు పాతికమంది. ఆ ఇంటి ఆడవాళ్ళు ఎప్పుడూ ఎక్కని అరుగు అది. శ్రీరామరాజు లేచి నిలబడ్డాడు. ఆయన పేక ముట్టడు. కానీ వాన ఎన్నింటికి మొదలవుతుంది, వచ్చే బస్సులో ఎంతమంది దిగుతారు అని పందెం కాయనిదే ఆయనకి పూట గడవదు. ఆ అరుగు మీద అందరూ అంతే.

భానుశ్రీ అరుగు మీదికి ఎక్కింది. నాలిక మీదికి ఏదొస్తే అదే అంది.

“సరేనండి బావగారూ. పందెమే అనుకోండి. రేపు ఆరింటికి నాలుగొందలు దాటుద్దో దాటదో కాయండి. ఇవాళ్టికి మూడొందల చిల్లర ఉంటుంది. ఫోను ఇచ్చేయండి, చూపిస్తాను.”

చిట్టియ్య పాలగిన్నె దించి, “ఎంతుందమ్మగారూ?” అన్నాడు.

ఫోను జేబులోంచి వచ్చింది. మూడువందల నలభైఆరు.

“దాటుద్ది,” అన్నాడు మేత కొట్టు వీరాస్వామి.

“దాటదు,” అన్నాడు శ్రీరామరాజు. అప్పుడే ఆయన కళ్ళు మెరిశాయి.

అరుగు రెండుగా చీలింది. దాటుద్ది అన్నవాళ్ళు ఊరుకుంటారా! పేజీలో చేరితే అంకె పెరుగుతుందని వాళ్ళకి క్షణంలో తెలిసిపోయింది. బావమరుదులకీ, వియ్యంకులకీ, ఆకివీడులో మంచుపెట్టెలవాడికీ ఫోన్లు వెళ్ళాయి. ఫోన్‌లో కట్టడం రానివాళ్ళు అప్పాజీ షాపు ముందు వరస కట్టారు. ఏ ఆటో, ఎందుకో ఎవరూ అడగలేదు. శనివారం రాత్రికి మూడువందల డెబ్భై. ఆదివారం మధ్యాహ్నం మూడువందల తొంభైరెండు. భానుశ్రీ అంకె చూస్తుంటే ఆయన ఆమె ముఖం చూస్తూ ఉన్నాడు. ఏదో వస్తోందని ఆయనకి తెలిసింది.

అయిదున్నరకి నాలుగువందల తొమ్మిది.

ఆమె బల్ల తుడిచింది. పిచ్చిదానిలా రెండుసార్లు తుడిచింది. తొంభై ముక్కలూ పరచడానికి చాలదని పీట తెచ్చి పక్కన వేసింది.

అయిదూ యాభైరెండుకి నాలుగువందల ఆరు. తప్పు చూశాననుకుని మళ్ళీ నొక్కింది. నాలుగువందల ఒకటి. ఈ లెక్క వెనక్కి కూడా నడుస్తుందని ఆమెకి తెలుసు. గడువు ముగిసేదాకా ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు, ఆ నియమం ఆమె చదివిందే. ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండా శ్రీరామరాజే కనుక్కున్నాడు. దాటదు అన్నవాళ్ళని కూడా నిన్ననే చేర్పించి ఉంచాడు, ఆఖరి నిమిషాల్లో ఒక్కొక్కణ్ణీ లాగెయ్యడానికి.

మూడువందల తొంభైఎనిమిది. మూడువందల తొంభైఅయిదు.

చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తింది. టీ కొట్టుకి రెండు సందులు. “ఆపండి, బావగారూ, ఆపండి!” అని అరుస్తూనే ఉంది. చినుకులు పడుతున్నాయి. అరుగు చేరేసరికి అక్కడ ఈలలు, చప్పట్లు. చిట్టియ్య గోడగడియారం ఆరు దాటింది. ఆమె చేతిలోని పేజీ బూడిదరంగులోకి మారింది. మూడువందల తొంభైమూడు.

కాసేపటికి మైసూరు అమ్మాయి అందరికీ ఒక లేఖ పెట్టింది. ఇదే తన ఆఖరి ప్రయత్నమట. తండ్రి జూన్‌లో పోయారట. ఆయనకి అందకపోయినా ఇంకెవరికైనా అందితే చాలనుకుందట. ఇక బొమ్మలు గీయించే శక్తి లేదు, క్షమించమంది.

శ్రీరామరాజు మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. జేబులోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు.

“నీ చలవేనమ్మాయ్. సగం నీది. తమ్ముడి మందులకుంచు. నువ్వు పందెమంటే భయపడ్డాను గానీ, ఎవరికి నష్టం చెప్పు? కట్టినోళ్ళ డబ్బు కట్టినోళ్ళకి వచ్చేసింది కదా.”

భానుశ్రీ నోట్లు ముట్టుకోలేదు. అరవాలనుకుంది. ఏమని అరవాలి? పందెమన్నది తనే. అది పందెమైతే ఆయన గెలిచాడు, న్యాయంగానే.

“కూర్చోండి బావగారూ,” అంది. “మీ తమ్ముడితో ఒక్క ఆట ఆడండి.”

“నాకు రాదు కదమ్మా.”

“రావక్కర్లేదండి. ఆయన ఒకటి వేస్తారు, మీరు దానికి జవాబు వెయ్యండి. మాట్లాడకూడదు.”

ఆయన నవ్వుతూ పీట మీద కూర్చున్నాడు. ఆమె చెరి ఆరు ముక్కలూ పంచింది. శ్రీనివాసరాజు అన్నగారి ముఖంలోకి చూశాడు. నోట్లకేసి చూశాడు. పక్క గదిలో నుంచి రెండు రోజులుగా అన్నీ విన్నాడు ఆయన. చెవులు పోలేదు.

ఖాళీ కుర్చీ తీసి మధ్యలో, ఆ నోట్ల మీద పెట్టాడు.

శ్రీరామరాజు దాన్ని చూశాడు. నవ్వు కొంత తగ్గింది. తన ముక్కలు విప్పాడు. నిచ్చెన, గొడుగు, పిల్లి, రాయి, దీపం, తలుపు. ఒకటి తీసి, మళ్ళీ లోపల పెట్టాడు. ఇంకొకటి తీశాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. ఇంకొకటి. మళ్ళీ అడ్డంగానే.

“ఏం వెయ్యాలమ్మాయ్ దీనికి?” అన్నాడు.

ఇంకా కదలని చిన్న పడవని భానుశ్రీ ఎత్తి, మళ్ళీ మొదటి రేవులోనే పెట్టింది.

“మాట్లాడకూడదండి,” అంది.

వాన పెంకుల మీద గట్టిగా అందుకుంది. ఆయన ఆరు ముక్కలూ తిరగేసి మరగేసి చూస్తున్నాడు, వెనకవైపు కూడా ఏదైనా బొమ్మ ఉందేమోనన్నట్టు. ఎదురుగా తమ్ముడు చెయ్యి బల్ల మీద చాచి, ఎదురుచూస్తున్నాడు.