అవ్వ పెట్టిన బొట్టు, నేను చదివిన వానపాము

ఇప్పుడు మా ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల కూడా ఫోను ఎదురుగా ఆనించుకుని, తన ముఖం తాను చూసుకుంటూ, తన మాట తాను వింటూ ఇడ్లీ తింటుంది. ఆ రోజుల్లో మనిషికి తన ముఖం అద్దంలోనూ రేషన్ కార్డులోనూ తప్ప ఇంకెక్కడా ఎదురయ్యేది కాదు. ఇక తన గొంతు తనకు వినబడే అవకాశమే లేదు. ఎదుటివాళ్ళకు మనం ఎట్లా వినిపిస్తున్నామో తెలియకుండానే మా పెద్దవాళ్ళు బతికి వెళ్ళిపోయినారు, సుఖంగానే వెళ్ళిపోయినారు. నాకు ఆ సుఖం ఇరవయ్యో ఏట, హోసూరులో మా అన్న బాడుగ ఇంట్లో, ఒక లాప్‌టాప్ మూత తెరిచిన సాయంత్రం పోయింది. దానికి కూడా దేవుడికి దండం పెట్టుకుంటాను. ఆ తరువాత నేను తిన్న అన్నంలో సగం ఆ మూత కిందినుంచి వచ్చిందే.

నేను బడి ముఖం చూసినదాన్ని కాను. మా ఊరు జవళగిరి దాటినాక అడవి అంచున ఉంటుంది. బడికి పోయే దారినే ఏనుగులు కూడా తమ దారి అనుకునేవి (వాటికి మాకంటే ముందునుంచి హక్కు ఉందని మా నాయన అభిప్రాయం). అందువల్ల నాయనే నాకు బడి. రాగి చేలో పని ముగించుకుని వచ్చి, పశువులకు సొప్ప నరుకుతూ, నన్ను వెనక అరుగు మీద కూర్చోబెట్టి తెలుగు చదివించేవాడు. ఆయన వీపు నావైపు ఉండేది. సరిగ్గా చదివినంతసేపు కత్తి చప్పుడు సాగుతూనే ఉంటుంది. తప్పు చదివితే ఆగుతుంది. నేను దిద్దుకుంటే మళ్ళీ మొదలవుతుంది. తిట్టడం లేదు, మెచ్చుకోవడమూ లేదు. చుట్టాలు మాత్రం వచ్చినప్పుడల్లా, "సొప్ప దగ్గర కూర్చోబెట్టి చదివిస్తే బిడ్డ కలెక్టరవుతుందా అప్పా" అని ఆటపట్టించేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఒక్కసారి మాత్రం, "పాపను బడికి పంపకుండా నేనే చెడగొట్టినానేమో" అన్నాడని అమ్మ నాతో చెప్పింది. ఆ మాట నా లోపల అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు అన్న ఒక కబురు తెచ్చినాడు. అన్న హోసూరులో ఒక ఇంజన్ల కంపెనీలో సూపర్‌వైజరు. బెంగళూరులో చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే చిన్న సంస్థ ఒకటి ఉందని, వాళ్ళకు తెలుగు చదివే గొంతు కావాలని, సర్టిఫికెట్టు అడగరని ఎవరో ఆయనకు చెప్పినారు. సర్టిఫికెట్టు అడగని ఉద్యోగం అన్న మాట నేను అంతకుముందు విన్లేదు. ఆ సంస్థ నడిపే మేడమ్ అప్పుడు పని మీద హైదరాబాదులో ఉంది. పండగ కాగానే రికార్డింగు మొదలుపెట్టాలి కాబట్టి, విజయదశమి పొద్దున లాప్‌టాప్‌లో చూసి, మాట్లాడి, ఒక పాఠం చదివించుకుని వింటానంది. ఆ పని దొరికితే నాయన చెప్పింది కూడా చదువేనని తేలుతుంది. దొరక్కపోతే చుట్టాల మాటే నిలుస్తుంది. అట్లాగని నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది.

అన్న పండగకు నన్ను హోసూరుకు పిలిపించుకుని, పైవాళ్ళను బతిమాలి కంపెనీ లాప్‌టాప్‌ను సెలవులకు ఇంటికి తెచ్చినాడు. మూత తెరిచి, తెర పైన నడిమధ్యలో ఉన్న శనగగింజంత నల్లటి గుండ్రం చూపించి, "ఇదే కెమెరా, దీన్ని చూసి మాట్లాడల్ల" అన్నాడు. ఏదో నొక్కినాడు. తెర మీద ఒక పిల్ల ప్రత్యక్షమైంది. దొంగతనం అంటగడితే పోలీసు స్టేషన్లో నిలబడినట్టుంది. నేను కదిలితే అదీ కదిలింది. అది నేనేనని ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టింది. "నవ్వు పాపా" అంది వదిన. నవ్వినాను. "వద్దులే, ముందు మాదిరే ఉండు" అంది.

తరువాత గొంతు. మేడమ్ పంపిన పాఠం వానపాము గురించి. నాకు నాయన ఇచ్చిన చదువంతా పురాణాలదే కాబట్టి ఏది చదివినా రాగం దానంతటదే వస్తుంది. "వానపాము... నేలను... గుల్ల చేయును..." అని నేను సాగదీసి చదివి ముగిస్తే, అన్న దాన్ని రికార్డు చేసి తిరిగి వినిపించినాడు. పెట్టెలోంచి ఎవరో ముక్కుతో ఏడుస్తున్నారు. తాతను పశువుల కాపలాకు పెట్టి అన్న ఇంటికి పండగకు వచ్చిన అవ్వ, వంటింటి గడపలో కూర్చుని చెవి ఒగ్గి వినింది. "ఎవురే ఆ పాప, పాపం, జలుబు చేసినట్టుండాది" అంది. అన్న తల పట్టుకుని, "ఇది వానపామా, ఆదిశేషుడా? పిల్లకాయలు దండం పెట్టుకుంటారు పాపా, పాఠం నేర్చుకోరు" అన్నాడు. ఆ రెండు రోజులూ రాగం తీసెయ్యాలని చూసినాను. రాగం పోతే మాట పోయేది, మాట వస్తే రాగం వచ్చేది. కెమెరా వైపు చూస్తే రెండూ పోయేవి. ఆ నల్లటి కన్ను రెప్ప వెయ్యదు. మనిషెవరైనా రెప్ప వెయ్యకుండా అట్లా చూస్తే లేచి లోపలికి పోతాం కదా.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. హోసూరులో ఆయుధపూజంటే సంగతి వేరు. లేతు మిషన్నుంచి టీ అంగడి స్టవ్వు దాకా బొట్టు లేని ఇనుము ఊళ్ళో కనబడదు. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలన్నీ అరటి పిలకలు కట్టుకుని పెండ్లికొడుకుల్లా నిలబడి ఉంటాయి. మా ఇంట్లోనూ సైకిలు, గ్రైండరు, గ్యాస్ స్టవ్వు, కొడవలి, అన్న స్పానర్లు, వదిన కుట్టుమిషను అన్నీ కడిగి, తుడిచి, వరసగా పెట్టినాము. బొట్లు పెట్టడం ఇంట్లో పెద్ద ముత్తైదువ పని. అవ్వ గంధం గిన్నెతో ముందు నడుస్తుంటే, కుంకం పళ్ళెంతో నేను వెనక. వరసలో చివరికి లాప్‌టాప్ వచ్చింది. మూత తెరిచే ఉంది, దేవుడికి అన్నీ కనబడాలని.

"దీనికి యాడ పెట్టల్ల?" అంది అవ్వ. నుదురు ఎక్కడో తెలియని వస్తువుకు బొట్టు పెట్టడం ఆమెకు ఇష్టం ఉండదు. నేను చూసినాను. ఆ పూట అది నాకు కన్నులా తోచలేదు; నుదుటి నడుమ, కొలిచి పెట్టినట్టు, గుండ్రంగా చోటు ఉంది. "ఆడ అవ్వా, నడిమధ్యన గుర్తు పెట్టే ఇచ్చినారు చూడు" అన్నాను. "చేసినోడు మంచోడే" అంది అవ్వ. నిండుగా గంధం అద్ది, దాని మీద కుంకం పెట్టింది. చూడడానికి లక్షణంగా ఉంది. అన్న నాలుగు మూలల కిందా నిమ్మకాయలు పెట్టబోతే, అది చక్రాలున్న వాటికని వదిన ఆపింది. పూజకు పెట్టిన దాన్ని మరునాడు పునఃపూజ అయ్యేదాకా ముట్టకూడదు, కాబట్టి ఆ రోజంతా అందరం బొరుగులూ గుగ్గిళ్ళూ తింటూ దాన్ని దూరంనుంచే చూస్తూ ఉన్నాము. మరునాడు పొద్దున అవ్వ హారతి ఇచ్చి, పాత బొట్టు మీదే కొత్త బొట్టు పెట్టి, "ఇంక తీసుకోండప్పా" అంది.

నెట్టు మిద్దె మీదనే అందుతుంది. అక్కడ కుర్చీ, స్టూలు వేసి, వెనక తీగ మీద ఆరేసిన బట్టలు కనబడకుండా వదిన కొత్త దుప్పటి కట్టింది. నాకు తన పెండ్లి పట్టుచీర కట్టి, మూరెడు మల్లెపూలు పెట్టి, ముఖానికి పౌడరు రాసి, "ముఖం చూసి ఇచ్చే పని పాపా, తల ఎత్తి కూర్చో" అంది. హైదరాబాదునుంచి మేడమ్ తెర మీద వచ్చింది. కళ్ళద్దాలు, నెరిసిన జుట్టు, స్పష్టంగా ఎదురింట్లో కూర్చున్నట్టే ఉంది. నేను నమస్కారం పెట్టినాను.

"నమస్తే. మీ కెమెరా ఆన్ చెయ్యండమ్మా" అంది ఆమె.

"ఆన్‌లోనే ఉండాది మేడమ్" అన్నాడు అన్న.

"నాకు చీకటిగా ఉంది."

అన్న లాప్‌టాప్‌ను ఎండకు తిప్పినాడు. "ఇప్పుడు కొంచెం ఎర్రగా ఉంది" అంది మేడమ్. అన్న మిషన్ ఆపి మళ్ళీ వేసినాడు. నెట్టు కార్డు పీకి మళ్ళీ గుచ్చినాడు. నన్ను కుర్చీతో సహా తూర్పుకు జరిపినాడు. వదిన దుప్పటి విప్పి పడమటికి కట్టింది. రెండు రోజుల కిందటిదాకా పనిచేసిన కెమెరా పండగ పూట ఎందుకు మొండికేసిందో ఇంజన్లు విప్పి బిగించే మా అన్నకు అంతు చిక్కలేదు. మేం ముగ్గురం ఆ తెరకు జానెడు దూరంలో నిలబడి, ఆ బొట్టును చూస్తూనే ఉన్నాము. కానీ పండగ రోజు బొట్టును ఎవరు చూస్తారు? సైకిలుకు ఉంది, గ్రైండరుకు ఉంది, మా ముఖాలకు ఉంది. లేకపోయి ఉంటే చూసేవాళ్ళమేమో.

"నాకు ఇంకో అమ్మాయి కూడా ఉందండీ, పదకొండుకు" అంది మేడమ్, చేతి గడియారం చూసుకుంటూ. నా కళ్ళముందర సొప్ప నరకడం ఆపేసిన నాయన కనబడినాడు. "సరే, కనబడకపోతే పోనీ. చదవండి" అంది ఆమె.

చదవడం మొదలుపెట్టినాను. ఆ నల్లటి కన్ను నన్ను చూడడం లేదని అప్పుడు తట్టింది. మేడమ్ కూడా కాగితం మీద ఏదో రాసుకుంటూ తల వంచుకుంది. నాకు అది నాయన వీపు మాదిరే అనిపించింది. వానపాము మెల్లగా మన్నులోకి దిగింది. వేళ్ళకు గాలి అందే దారులు చేసింది. రాగం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. హైవే మీద లారీ హారన్ కొడితే ఆగినాను, అది పోయినాక అక్కడినుంచే అందుకున్నాను. ఒకచోట మాట తడబడింది. ఎవరూ చెప్పకుండానే వెనక్కి వెళ్ళి దిద్దుకున్నాను.

పాఠం సగంలో ఉండగా అవ్వ మెట్లెక్కి వచ్చింది. చేతిలో తాంబూలం పళ్ళెం. దసరా పూట ఇంటికి వచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా పంపడం ఆమెకు చేతకాదు. తెరలోకి తొంగి చూసి, "పండగ పూట ఈ తల్లి ముఖం బోసిగా ఉండాదే" అని, మేం అడ్డుపడేలోపల మేడమ్ నుదుటికి, అంటే తెరకు, కుంకం పెట్టేసింది. నేను చదవడం ఆపినాను.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు మేడమ్. మా అవ్వ మీకు బొట్టు పెట్టింది."

రాసుకుంటున్న కలం ఆమె పక్కన పెట్టింది. కుంకం వెనక ఆమె ముఖం సగమే కనబడుతోంది. తరువాత నిదానంగా అడిగింది. "మీ అవ్వగారు దీనికి ఇంకెక్కడైనా బొట్టు పెట్టారా?"

అన్న తెర పైకి చూసినాడు. వదిన చూసింది. నేను చూసినాను. ఎవరం నవ్వలేదు, నవ్వే ధైర్యం లేదు. అన్న పంచె చెంగు తీసి తుడవబోయినాడు. అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. "పండగ పూట బొట్టు తుడుస్తావా? నీకు బుద్ధి యాడికి పోయింది? ఆ యమ్మకు చెప్పు, రేపు చూసుకోమని."

"కంపెనీ మిషన్ అవ్వా, పాప పని పోతాది."

"బొట్టు తుడిస్తే నిలుస్తాదా?"

ఈ వాదన హైదరాబాదు దాకా స్పష్టంగా వినబడుతూ ఉంది. అప్పుడు మేడమ్ గొంతు సవరించుకుంది. "తుడవద్దులెండి. విని నేర్చుకునే పిల్లలు కూడా ఈమెను చూడరు కదా. వానపామును సగంలో ఆపేశారు, కానివ్వండి."

కానిచ్చినాను. చివరి వాక్యం అయినాక ఆమె కాగితం మడిచి, సోమవారం బెంగళూరుకు రమ్మంది. వదిన నా పట్టుచీర కుచ్చెళ్ళ వైపు చూసి, "దీన్ని ఇస్త్రీ చేసినందుకైనా ఒక్కసారి చూసి ఉండొచ్చు" అని నిట్టూర్చింది. ఆ సాయంత్రం ఊళ్ళో ఫోనున్న ఇంటికి కబురు చేసి నాయనతో మాట్లాడినాను. "ఊ" అన్నాడు. "సరే, సొప్ప నరకల్ల, పెట్టేస్తా" అన్నాడు. ఆ పొద్దు పశువులు తినలేనంత సొప్ప నరికినాడని అమ్మ తరువాత చెప్పింది.

సంస్థ వాళ్ళు నా మొదటి పాఠాల సీడీ ఇచ్చినప్పుడు, అన్న మళ్ళీ ఆ లాప్‌టాప్ తెచ్చి అవ్వకు వినిపించినాడు. అవ్వ కళ్ళు మూసుకుని మొత్తం వినింది. "ఈ పాప బాగా చదువుతా ఉండాది" అని నావైపు తిరిగి, "పోయి ఈమె దగ్గర నేర్చుకోరాదా పాపా" అంది. నేనేనని చెప్పినాను. ఆమె నమ్మలేదు. చివరిదాకా నమ్మలేదు.

అవ్వ లేదు, నాయన లేడు. వాళ్ళిద్దరి దయవల్ల నేను ఇన్నేళ్ళూ ముఖం కనబడకుండా గొంతుతోనే బతికినాను. ఇప్పుడు నాకంటూ ఒక లాప్‌టాప్ ఉంది. ఆయుధపూజకు దానికి బొట్టు పెడతాను, పాత చోటే. "అమ్మా, కెమెరా మీద పెట్టినావు" అంటారు పిల్లలు, నాకు తెలియదనుకుని. తెలుసులే, రేపు తుడుస్తాను అంటాను. ఆ ఒక్కరోజు ఎవరైనా వీడియోలో పిలిస్తే వాళ్ళకు చీకటే కనబడుతుంది. ఇవతల నేను మాత్రం పట్టుచీరలో, మూరెడు మల్లెపూలతో, వానపామును నేలలోకి దించుతున్న ఆ పిల్లను చూసుకుంటూ కూర్చుంటాను. ఇప్పుడు బాగానే నవ్వుతుంది.