చెల్లెలి ఊళ్లో ఆడిన నాటకం

నేను రాసిన నాటకం ఒక్కటే. దాన్ని ఆడింది కూడా ఒక్కసారే, మా చెల్లెలి ఊళ్లో. ఆ సాయంత్రం జనం నవ్విన నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ కూర్చున్న చోట కూర్చోలేను. నాటకం బాగలేకపోతే జనం నవ్వుతారు, లేచిపోతారు, అందులో వింతేముంది. కానీ నేను దాన్ని మెప్పు కోసం రాయలేదు. చనిపోయిన మా బావ మీద పడ్డ మచ్చ తుడవాలని రాశాను.

మా చెల్లెల్ని ఇచ్చింది ఆదోని దాటి పోవాల్సిన చిన్న పల్లెకు. బావ సేద్యగాడు, నోట్లో నాలుక లేని మనిషి. నాటకానికి నాలుగేళ్ల ముందు, ఎండలు మండిపోతున్న రోజుల్లో కర్నూలుకు వచ్చి, నన్ను కలిసి వెనక్కి పోయాడు. బస్సు దిగి ఊళ్లోకి నడిచే దారిలో పడిపోయాడు. అటుగా పోయిన ఊరివాళ్లే ఇద్దరు ముగ్గురు చూశారు. తాగి పడ్డాడనుకుని తమ దారిన తాము పోయారు. పొద్దు వాలాక చెల్లెలు వెతుక్కుంటూ పోయేసరికి ప్రాణం లేదు. డాక్టరు వడదెబ్బ అన్నాడు. ఊళ్లో ఆ మాట నిలవలేదు, తాగి చచ్చాడన్నదే నిలిచింది. ఆయన జన్మలో చుక్క ముట్టిన మనిషి కాదు.

చెల్లెలు ఆ సంగతి కనపడినవాళ్లందరికీ చెప్పి చెప్పి అలిసిపోయింది. బడిలో బిడ్డను తాగుబోతు కూతురంటున్నారని ఒకరోజు ఫోన్లో ఏడ్చింది. నాకు నాటకం ఆలోచన ఆ రోజే వచ్చింది. కర్నూల్లో ఆఫీసు వదిలాక ఐదారుగురం కలిసి నాటికలు వేసుకునేవాళ్లం. నేను వేషం కట్టడమే గానీ కలం పట్టింది లేదు. ఈ ఒక్కటి నేనే రాస్తానని పట్టుబట్టాను. చెల్లెలికి చెప్పాను. ఊరంతా చూసేటట్లు వెయ్యన్నా, అంది.

బావ కథే రాశాను. పట్నంలో ఉండే బావమరిది వేషం నేనే కట్టాను. అందులో ఒక దృశ్యం ఉంది. మిట్టమధ్యాహ్నం బావ మా ఇంటికి వస్తాడు. కాళ్లకు నీళ్లిచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, వద్దంటున్నా మారు వడ్డిస్తాను. ఎండ తగ్గాక పోదువులే అని బతిమాలతాను. పనుందని ఆయనే లేచి పోతాడు. రిహార్సల్లో మావాళ్లందరికీ నచ్చిన దృశ్యం అదే. ఇది నువ్వు గుండెల్లోంచి రాశావు అన్నారు.

అది పచ్చి అబద్ధం. ఆ రోజు బావ మా ఇంటికి రాలేదు, ఆఫీసుకు వచ్చాడు. బోరుకు ట్రాన్స్‌ఫార్మర్ విషయంగా కరెంటాఫీసుకు తోడు రమ్మన్నాడు. పైవాళ్లు తనిఖీకి వచ్చిన రోజు, నేను చిరాకులో ఉన్నాను. గేటు దగ్గర నిలబెట్టే మాట్లాడి, వచ్చే వారం చూద్దామని పంపించేశాను. అన్నం వేళ. తిన్నావా అని ఒక్క మాట అడగలేదు. నా భార్య పుట్టింటికి పోయుంది, ఇంట్లో పొయ్యి వెలగలేదు, నిజమే. ఎదురుగా మెస్సు ఉంది కదా. మా వైపు ఇంటల్లుడు ఉత్త కడుపుతో తిరిగిపోయాడంటే ఆ ఇంటికి తలవంపులు. అందుకే శవం దగ్గర మా పెద్దమ్మ అడిగినప్పుడు, మా ఇంట్లో కడుపునిండా తినే బయల్దేరాడని చెప్పాను. చెల్లెలు నా ముఖంలోకి చూసింది. నాలుగేళ్లు అదే మాట చెప్పీ చెప్పీ నాకే నిజమనిపించే స్థితికి వచ్చాను. రాయడానికి కూర్చుంటే అన్నిటికంటే సులువుగా వచ్చింది ఆ దృశ్యమే.

బడి అరుగు మీద వేశాం. చెల్లెలు రెండు రోజుల ముందు నుంచి ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. బావ పడ్డ రోజు చూసి దారిన పోయినవాళ్ల ఇళ్లకు కూడా పోయిందని తర్వాత తెలిసింది. దీపాలు పెట్టేవేళకు జనం చాపలూ గోనెపట్టాలూ తెచ్చుకుని బాగానే కూర్చున్నారు. నాటకమంటే వాళ్లకు కిరీటాలు, పద్యాలు. తెర తీస్తే లుంగీ కట్టుకున్న మనిషి పార పట్టుకుని కనపడ్డాడు. హార్మణీ యాడ పెట్టినారప్పా అని ముందు వరసలో ఒక ముసలాయన గట్టిగానే అడిగాడు. కొందరు అప్పుడే సర్దుకోవడం మొదలుపెట్టారు.

భోజనం దృశ్యం దాకా ఎలాగో నెట్టుకొచ్చాం. నేను మారు వడ్డిస్తుంటే, బామ్మర్ది బాగా మేపుతాండాడే అని ఎవరో అన్నారు. ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆ మాత్రానికేమీ కాదులే అనుకుని లోపలికి వచ్చి నిలబడ్డాను.

తర్వాత బావ దారిలో పడిపోవాలి. ఆ వేషం కట్టినతను మా బృందంలో మంచి నటుడు. రెండడుగులు తూలి, చెయ్యి గాలిలో ఆడించి, పడ్డాడు. జనం గొల్లుమన్నారు. ఈలలు వేశారు. ఎవరో, ఎన్ని కోటర్లు ఏసినాడప్పా అన్నారు. ఈ నవ్వు ఆపడానికే నేను నాటకం రాసింది. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు, వెటకారం లేకుండా, పంచాయితీలో మాట్లాడినట్టు వినిపించింది.

"ఇప్పుడే గదప్పా బామ్మర్దింట్లో కడుపునిండా తిన్యాడు. మారు గూడా ఏపించుకున్యాడు. అట్ల తిన్నోడు పూట తిరక్కుండా ఎండకు పడతాడా? తాగింటాడు."

ఔను, ఔను అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఆ తర్వాత ఏం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. చెల్లెలి వేషానికి కడప నుంచి వచ్చిన నటి శవం మీద పడి ఏడుస్తుంటే ఆడవాళ్లు చాపలు దులుపుకుని లేచారు. ఆమె ఏడుపు సగంలో ఆపేసి నా వైపు చూసింది. చివర్లో ఊరిని నిలదీసే మాటలు నావి. మిగిలిన ముప్పై మంది ముందు నిలబడి, కళ్లారా చూసి కూడా పోయారు కదా అని అరిచాను. ఒక్కరు కూడా తల దించుకోలేదు. అంతా అయ్యాక ముసలాయన దగ్గరికొచ్చి, ఒగ నాలుగు పద్యాలు పెట్టింటే నిలబడుండునప్పా అని ఓదార్చాడు.

మావాళ్లు వ్యానులో సామాను ఎక్కిస్తున్నారు. చెల్లెలు బడి గోడకు ఆనుకుని ఒక్కతే నిలబడి ఉంది. నేను పోయి, వీళ్లు మనుషులు కారమ్మా, ఎన్ని చెప్పినా మారరు అన్నాను. ఆమె ఏడవడం లేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

"ఆ పొద్దు బస్టాండు నుంచి నాకు ఫోను చేసినాడన్నా," అంది. "ఏం తినల్యా, కండ్లు తిరుగుతాండాయి, సంగటి చేసిపెట్టు, వచ్చి తింటా అన్యాడు."

ఇన్నేళ్లూ నన్నెందుకు అడగలేదని అడిగాను.

"నువ్వు అందర్లో తిన్యాడని చెప్తివి. కాదంటే నీ మర్యాద ఏం గావాల? నేను గూడా అదే చెప్తి. మా అన్న కడుపునిండా పెట్టి పంపినాడని ఊర్లో అందరికీ నేనే చెప్పినా. అట్లయితే తాగే పడింటాడు అన్యారు. వాళ్లను అని ఏం లాభం."

నా పరువు కోసం ఆమె మొగుడు నాలుగేళ్లు తాగుబోతయ్యాడు. అది చాలదన్నట్టు నేనే మనుషుల్నీ దీపాల్నీ తెచ్చి, ఆయన పడిపోతుంటే ఊరంతా నవ్వేలా చేశాను. పొద్దున్నే పెద్దమనుషుల్ని పిలిచి నిజం చెప్పేస్తానన్నాను. ఆమె చాప మడిచి చంకలో పెట్టుకుంది.

"ఇప్పుడెవరు నమ్ముతారన్నా? నాటకం బాగ రాలేదని కత మారుస్తాండావు అనుకుంటారు."

ఆ మాటతో నా గుండె ఎంత తేలికపడిందో చెప్పడానికి సిగ్గేస్తుంది. అవును కదా, నమ్మరు కదా అనుకున్నాను. పొద్దున మొదటి బస్సుకే కర్నూలు వచ్చేశాను. పెద్దమనుషుల్లో ఒకాయన బస్సు దగ్గర కనపడి నాటకం సంగతి ఎత్తాడు కూడా. ఆయనకూ ఏమీ చెప్పలేదు.