కిటికీలో తాతగారు

చేతికొచ్చిన సర్కారీ ఉద్యోగం పోగొట్టుకోవడానికి పదకొండు రోజులు పొద్దున్నే లేచి మినప్పప్పు రుబ్బిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఒడిశాలోని బరంపురంలో రోజూ రైలెక్కి ఛత్రపూర్‌లో ఒక ఆఫీసుకు వెళ్ళేదాన్ని. కొత్త గుమాస్తాని. నెల రోజుల్లో ఆఫీసరుగారు నా పని చూసి రిపోర్టు రాయాలి. బాగుందంటే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. సరిగ్గా అప్పుడే ఆ కల మొదలైంది. నేను ఏదో రాసుకుంటూ ఉంటాను, కిటికీ పక్క నుంచి ఎవరో చూస్తూ ఉంటారు. మొహం కనపడదు. మాట్లాడరు. చెమటలు పట్టి లేచేదాన్ని. నాలుగు రోజులు వరసగా వచ్చింది, అదీ తెల్లవారుజామున. అప్పుడొచ్చే కల నిజమవుతుందని మీకు వేరే చెప్పాలా?

రిపోర్టు భయమే కలలోకి వచ్చిందని ఎవరైనా చెప్పేస్తారు. నాకు మాత్రం తట్టలేదు. తిన్నగా గేట్ బజార్లో బట్టల కొట్టు మేడ మీద ఉండే మా పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను. మా వాళ్ళ కలలన్నిటికీ అర్థం చెప్పేది ఆవిడే. డాక్టరు నాడి చూసినట్టు నా చెయ్యి పట్టుకుని, మగా ఆడా, కుడి వైపా ఎడమ వైపా అని అన్నీ అడిగింది.

"ఒలే, అది మా నాన్నేనే, మీ తాత," అని తేల్చింది. "ఆ ఆఫీసులోనే కదా ముప్పై ఏళ్ళు పనిసేసినారు. ఆకలేత్తే నోరిప్పి అడిగేవోరు కాదు, అలా సూత్తూ కూకునేవోరు. పదకొండు రోజులు నువ్వు పనిసేసే కాడే కాకికి గారె పెట్టు."

పెట్టాను. ఆఫీసు కిటికీ గట్టు మీద, అల్లం ముక్కలు కూడా వేసి ఇంట్లో వండి, రైల్లో మోసుకొచ్చి. మొదటి రోజు ఒక్క కాకి వచ్చింది. నాలుగో రోజుకి ఆరు. పదకొండో రోజుకి కిటికీ ఊచల మీద ఖాళీ లేదు. కల రావడం మానేసింది. నేనూ హాయిగా గారెలు మానేశాను.

మొక్కు పదకొండు రోజులేనని కాకులకు ఎవరు చెప్పాలి? పన్నెండో రోజు పది గంటలకే వచ్చి కూర్చున్నాయి. అన్నీ నన్నే చూస్తున్నాయి. తల ఎత్తితే చాలు, గారె వస్తోందనుకుని గోల. తల దించుకుంటే నిశ్శబ్దం. ఇంకేం చేస్తాను, ఉదయం నుంచి సాయంత్రం దాకా తల దించుకునే ఉన్నాను. నీళ్ళు తాగడానికి కూడా లేవలేదు. అలా వారం గడిచింది.

ఆ శనివారం ఆఫీసరుగారు నా బల్ల దగ్గరికి వచ్చారు. గంభీరమైన మనిషి. ఒడియా ఆయనే అయినా బరంపురంలో పెరిగినవారు, తెలుగు బాగా వచ్చు. కిటికీ వైపు చాలాసేపు చూసి, ఇవన్నీ ఏమిటని అడిగారు.

భయంతో నా నోట నిజమే వచ్చేసింది. "అందులో ఒకరు మా తాతగారండి. మిగతావోలు ఎవరో నాకు తెలీదు సార్."

ఆయన నవ్వలేదు. నా ఉద్యోగానికి అప్పుడే నీళ్ళొదిలేసుకున్నాను. ఆయన నా ఫైళ్ళు ఒక్కొక్కటే తిరగేశారు. మూడేళ్ళుగా మూలపడిన దరఖాస్తుల పనంతా పూర్తయి ఉంది. అక్కడే పెన్ను తీసి రిపోర్టులో రాశారు: "ఎంతమంది చూస్తున్నా తల ఎత్తకుండా పనిచేస్తుంది."

ఉద్యోగం ఖాయమైంది. కలకు తను చెప్పిన అర్థం సరైనదేనని పెద్దమ్మ బంధువులందరికీ చాటింది.

ఇప్పుడు అదే ఆఫీసులో, అదే కిటికీ పక్కన, పెద్ద గుమాస్తాగా సుఖంగా ఉన్నాను. అందుచేత నిండు మనసుతో ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట కలలో నన్నెవరు చూసినా చూడనిస్తాను గానీ, వాళ్ళకు భోజనం మాత్రం పెట్టను. సాక్షులు కావాలంటే ఏ రోజైనా మధ్యాహ్నం మా ఆఫీసుకు రండి. కిటికీ మీద అందరూ ఉంటారు.