వలలో పడని మూడో తొడుగు

హెల్మి పోయాక ఊళ్ళో ఎవరు ఆమెను తలచుకున్నా ముందుగా చెప్పేది ఆ వల సంగతే. వాగులో గాలానికి చిక్కిన చేపను పైకి తీసే పిడి వల అది. మొగుడు టౌనో తుపాకి పేలుస్తుంటే, అతని కుడిపక్కన ముక్కాలిపీట మీద ఆ వల పట్టుకుని కూర్చునేది. పేలిన ప్రతిసారీ తుపాకి పక్క నుంచి తూటా తాలూకు ఖాళీ ఇత్తడి తొడుగు చటుక్కున ఎగిరి వచ్చేది. ఆమె పట్టేది.

ఊళ్ళో చాలామంది తుపాకులకు గుండు గుండుకూ చేత్తో బోల్టు, అంటే తూటా గది మూసే ఇనుప గడియ, లాగాలి. టౌనోది అలాంటిది కాదు, మొదటి తూటాకు ఒక్కసారి లాగితే చాలు. పేలగానే తనంతట తనే తొడుగును బయటికి విసిరి, కింద నుంచి తర్వాతి తూటాను అందుకుంటుంది. విసిరేదాన్ని దగ్గర్లో విసురుతుందా అంటే అదీ లేదు. అందుకే దానికి దుబారా తుపాకి అని పేరు పెట్టారు. టౌనో మాత్రం దుబారా మనిషి కాడు. ఆ తొడుగుల్లోనే మళ్ళీ తుపాకిమందు పోసి, కొత్త గుండు బిగించి, ఒక్కోదాన్ని అరిగేదాకా వాడతాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక తొడుగు మంచులో పడి కనబడకపోతే, వేళ్ళు కొంకర్లు పోయేదాకా ఆమె చేత వెతికించాడు. ఆ మర్నాడే హెల్మి వల తెచ్చుకుంది.

ఇంటి కింద నేలమాళిగలో ఒక మూల టౌనో మందు తూచుకునే బల్ల. దానికి ఎదురుగా హెల్మి వాళ్ళమ్మ ఇచ్చిన మగ్గం. పాత చొక్కాలు, దుప్పట్లు పేలికలుగా చింపి తివాచీలు నేయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ వచ్చు. కానీ మగ్గం చప్పుడు టౌనోకి పడదు.

"నువ్వు దబదబా బాదుతుంటే నా త్రాసు ముల్లు నిలబడదే. మందు ఒక్క రవ్వ ఎక్కువైతే తుపాకి నా మొహాన పేలుతుంది. అదేనా నీక్కావలసింది?" అనేవాడు.

అది కాదు గనక ఆమె నేసేది కాదు. నవంబరు మధ్యలో జింకల వేట మొదలయ్యాక మాత్రం, మగవాళ్ళంతా అడవిలో వేట గుడిసెకు పోయి రెండు వారాలు అక్కడే ఉంటారు. ఆ రెండు వారాలూ ఇల్లు హెల్మిది. పొయ్యి మీద కాఫీ మరుగుతూనే ఉండేది. ఒక్కత్తీ మాంసం కూరిన పాస్టీలు కాల్చుకుని, మగ్గం దగ్గరే కూర్చుని తినేది. మిగతా ఏడాది మొత్తం ఆ రెండు వారాలకు ఇవతలా అవతలా ఉండేది.

ఒక ఏడు మార్చిలో టౌనోకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి సగం పోయింది. చూపుడువేలు కదులుతుంది గానీ బోల్టు లాగే సత్తువ లేదు. మూతి ఒక పక్కకి ఒరిగింది. అప్పటి నుంచి ఇల్లు కదల్లేదు. స్నానం, బొత్తాలు, బూట్లు అన్నీ హెల్మే. బజారుకు వెళ్ళి ఆలస్యంగా వస్తే కిటికీలో అతని మొహం కనబడేది. మగ్గం మీద కిందటి నవంబరులో సగం నేసిన తివాచీ అలాగే ఉండిపోయింది. ఈ నవంబరులో అతను గుడిసెకు వెళ్ళాలి. ఆమె దేవుణ్ణి అడిగింది అదొక్కటే.

కానీ గుడిసెకు ఒక కట్టుబాటు ఉంది. వేటకు ముందు వచ్చే శనివారం, గురి సాధన చేసే రేంజిలో నూరు గజాల దూరాన కాగితం పళ్ళెం పెడతారు. మూడు పేలిస్తే మూడూ పళ్ళెంలో పడాలి. పడకపోతే ఆ ఏడు ఇంట్లో కూర్చోవాలి. ఈ కట్టుబాటు పెట్టింది టౌనోనే. ఎవరో గురి తప్పి కాల్చిన జింక మూడు కాళ్ళ మీద పారిపోయి, పొదల్లో రెండు రోజులు కొట్టుకుని చచ్చిందని పెట్టాడు. ఆ మరుసటేడు సొంత మేనమామ ఒక గుండు తప్పిస్తే, ఆయన్నీ ఇంటికి పంపేశాడు.

శనివారం పొద్దున్నే బండి వేసుకుని రేంజికి వెళ్ళారు. మంచు సన్నగా రాలుతోంది. బల్లలన్నీ నిండిపోయాయి. చెవులకు మోత ఆపే డిప్పలు, నెత్తిన వేటగాళ్ళ నారింజ రంగు టోపీలు. బడి బస్సు నడిపే గెరాల్డ్ ఆ రోజుకి రేంజి పెద్ద.

"ఏం హెల్మత్తా, చేపలు పడుతున్నాయా?"

"ఇంకా గాలమే వెయ్యలేదురా. అప్పుడే కూరకి వచ్చావా?"

"మాటలు తర్వాత," అన్నాడు టౌనో. మాట కొంచెం ముద్దగా వచ్చింది. "బోల్టు లాగు. లాగి ఒక్కసారిగా వదిలెయ్. పసిపిల్ల లేస్తుందేమో అన్నట్టు మెల్లిగా కాదు."

లాగి వదిలింది. తుపాకి ఇసుక సంచి మీద ఆనింది. టౌనో ఎడమచేత్తో దాన్ని అదిమి పట్టి, చెంప ఆనించాడు. వెనక అతని తమ్ముడు వేన్ దుర్భిణి పెట్టుకుని పళ్ళెం వంక చూస్తున్నాడు.

మొదటిది పేలింది. తొడుగు ఎప్పటిలాగే ఆమె భుజం ఎత్తున వచ్చి వల మధ్యలో పడింది.

రెండోది పేలింది. తొడుగు ఎగరలేదు. తుపాకి పక్క నుంచి జారి, బల్ల మీద దొర్లి, అంచున ఆగింది. హెల్మి దాన్ని వలలోకి తోసింది. లోపల మసి పేరుకుంటే తుపాకికి విసురు తగ్గుతుంది. ఈ ఏడు దాన్ని విప్పి తుడిచినవాళ్ళు లేరు. తను తుడుస్తానంటే టౌనో ముట్టుకోనివ్వలేదు.

మూడోసారి టౌనో వేలు నొక్కింది. సరిగ్గా అప్పుడే పక్క బల్ల మీది పెద్ద తుపాకి పేలి బల్లలన్నీ అదిరాయి. టౌనో భుజం ఎగిరిపడింది. హెల్మి వల ముందుకు చాపి ఉంచింది. ఏమీ రాలేదు.

"మూడు!" అని అరిచాడు వేన్. "మూడూ లోపలే అన్నయ్యా! రెండు కవలపిల్లల్లా ఉన్నాయి. మూడోది అంచు పట్టుకుని వేలాడుతోంది గానీ లోపలే ఉంది!"

"తుపాకులు దించండి! బోల్టులు తెరవండి!" అన్నాడు గెరాల్డ్.

హెల్మి ఒంగి చూసింది. బోల్టు పూర్తిగా మూసుకోలేదు. సందులో ఇత్తడి మెరుస్తోంది. లాగింది. గుండుతో సహా నిండు తూటా వలలో పడింది. టౌనో మూడోది పేల్చనే లేదు. పక్కవాడి మోతకు పేలిందనుకున్నాడు. పక్కవాడు తన పళ్ళెం అనుకుని టౌనో పళ్ళేన్ని కొట్టాడు.

తమ్ముడు అన్న వీపు చరుస్తున్నాడు. ఎనిమిది నెలలుగా చూడని వెలుగు టౌనో మొహంలో ఉంది. హెల్మి తూటాను ఊలు గ్లౌజు వేసుకున్న చేత్తో మూసి, కోటు జేబులో వేసుకుంది.

గెరాల్డ్ పళ్ళేలు తెచ్చి పంచాడు. పక్క బల్ల ఆయన సుంకం కట్టే పెద్ద వంతెన దాటి, డెట్రాయిట్ వైపు నుంచి వచ్చిన పొడుగాటి మనిషి. తన పళ్ళేన్ని వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు.

"మూడు పేల్చాను. రెండే ఉన్నాయేంటి?"

"వంతెన మీద సుంకం కింద ఒకటి పట్టుకునుంటారు," అన్నాడు గెరాల్డ్. అంతా నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి, గురి తప్పిందనుకుని నాణెం తీసి తుపాకి మీది దుర్భిణి మర తిప్పడం మొదలుపెట్టాడు.

టౌనో ఎడమచెయ్యి చాపాడు. "తొడుగులు."

రెండు పెట్టింది. వాటిని అరచేతిలో దొర్లించాడు.

"రెండే ఉన్నాయి."

"ఒకటి మంచులో పడిపోయింది."

"నీకా? పోయిందా?"

"పోయిందయ్యా. చెయ్యి వణికింది."

అతను తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత బల్ల పక్కన నేలకేసి చూశాడు. అక్కడ మంచు మీద ఒక్క గుంట కూడా లేదు. పిడికిలి మూసుకున్నాడు.

"సరేలే. పోతే పోయింది," అన్నాడు.

కాపురంలో ఎన్నడూ అనని మాట అది. అతనికి తెలిసిపోయిందని ఆమెకు తెలిసింది. హెల్మి మనసు అప్పుడే మెట్లు దిగి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది. కత్తిరించాల్సిన నీలం దుప్పటి ఏ పెట్టెలో ఉందో కూడా గుర్తొచ్చింది.

వేన్ మూడు కాఫీలు పట్టుకొచ్చాడు.

"వదినా, నువ్వు కూడా బట్టలు సర్దుకో. అన్నయ్యకి బోల్టు ఎవరు లాగుతారు? బూట్లు ఎవరు తొడుగుతారు? మేమంతా తెల్లారకుండానే చెట్లెక్కి కూర్చుంటాం. పొయ్యి వెనక నీకో మంచం వేయిస్తాలే. ఈ ఏడు మాకూ తిండి యోగం పట్టింది!"

"ఆడవాళ్ళు రారు కదా గుడిసెకి," అంది హెల్మి.

"నువ్వు ఆడదానివేంటి వదినా, వలవి!"

"వస్తుందిలేరా," అన్నాడు టౌనో. ఇంతకుముందెప్పుడూ లేనంత మెత్తగా అన్నాడు. ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాడు. "నా కోసం అదేం చేస్తుందో నీకు తెలీదు. నాకు తెలుసు."

కసిరి ఉంటే ఆమె ఏదో ఒకటి అనేది. అతను మెత్తగా అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కూడా వీల్లేకపోయింది. కాఫీ సగం తాగింది. పక్క బల్ల ఆయన మర మూడోసారి తిప్పి, దుర్భిణిలోకి చూసి, తనను తానే తిట్టుకుంటున్నాడు. తుపాకి ఏ తప్పూ చెయ్యలేదు. రేపు అడవిలో దానితో కాల్చిన జింక ఎటో ఒక వైపు కుంటుతూ పోతుంది.

హెల్మి కాఫీ బల్ల మీద పెట్టి ఆయన దగ్గరికి నడిచింది.

"బాబూ, ఆ మర తిప్పకు. మొదట ఎక్కడుందో అక్కడికే తీసుకెళ్ళు. నీ మూడోది మా పళ్ళెంలో ఉంది." జేబులోంచి తూటా తీసి ఆయన బల్ల మీద నిలబెట్టింది. "మా ఆయన పేల్చింది రెండే."

వేన్ పరుగెత్తుకొచ్చాడు.

"పోనీ వదినా, ఇంకొకటి పేలుస్తాడు. ఏమైంది ఇప్పుడు? తుపాకి తుడుచుకుని మధ్యాహ్నం వద్దాం. అన్నయ్యా, ఏమంటావు?"

"మూడంటే మూడే," అన్నాడు టౌనో. "మామయ్యకి ఇంకొకటి ఇచ్చానా? బండి దగ్గరికి పట్టుకెళ్ళు నన్ను."

టౌనోని బండి ఎక్కించింది. అతని బెల్టు ఆమే పెట్టింది. మెడ చుట్టూ గుడ్డ ఆమే కప్పింది. మట్టిరోడ్డు దాటి పెద్దరోడ్డు మొగదలకు వచ్చాక అడిగాడు.

"చెప్పేదానివి, ముందెందుకు దాచావే?"

"నువ్వు రెండు వారాలు ఇంట్లో ఉండవని."

తను అన్న మాట తనకే వినబడి, ఆమె స్టీరింగు చక్రాన్ని గట్టిగా పట్టుకుంది. అతను కిటికీ అద్దం వైపు తిరిగాడు.

"మరి తర్వాతెందుకు చెప్పావు?"

"అక్కడికి కూడా నన్నే రమ్మన్నారుగా."

టౌనో గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. నవ్వో కాదో ఆమెకు తెలియలేదు. అతని మొహం ఇంకా అద్దం వైపే ఉంది.

పెద్దరోడ్డు మీద వంతెన వైపు నుంచి బళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. అన్నిట్లోనూ నారింజ రంగు టోపీలే, అన్నీ అడవి వైపే. ఇంటికి వెళ్ళాలంటే ఆ వరస దాటి ఎడమకు తిరగాలి. హెల్మి బ్రేకు మీద కాలుంచి సందు కోసం చూస్తూ కూర్చుంది. అద్దాల మీద మంచు పడుతోంది.

"ఆ ఎర్ర బండి పోయాక తిప్పు," అన్నాడు టౌనో.

ఎర్ర బండి పోయింది. దాని వెనకే ఇంకొకటి ఉంది.