గడ్డి మొలిచిన నూనెమట్టి

తొంభైల మొదట్లో ఒకసారి నంగునూరులో సిద్దిపేట బస్సెక్కాను. పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్లో ఉన్న సంచి నుంచి డీజిల్ వాసన గుప్పుమంటోంది. ఏముందని అడిగితే సంచి మూతి గట్టిగా పట్టుకున్నాడు. నాకు అనుమానం పెరిగి కండక్టర్‌ను పిలిచాను.

"డీజిల్ బస్సుల తేవద్దు. దిగు పెద్దయ్యా," అన్నాడు కండక్టర్.

"డీజిల్ గాదు సారూ, మట్టి." ఆయన రెండు మూటలు విప్పాడు. రెండింట్లోనూ నల్లటి మట్టే. ఒకదాంట్లో మాత్రం వేళ్లతో సహా గడ్డి దుబ్బు ఉంది. "బాయికాడ డీజిలింజను నూనె కారి గా జాగల పంట మొలుస్తలేదు. గడ్డి పెంచితే మట్టి బాగైతదని ఎవలో చెప్పిన్రు. వానకాలం సంది సగం జాగల పెంచుతున్న, సగం ఉత్తగనే ఇడిషిన. వ్యవసాయం ఆఫీసుల చూపెడదామని పోతున్న."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయన రెండు మూటలూ నా ముక్కు దగ్గర పెట్టాడు.

"దేంట్ల వాసన తక్కువున్నది? నిజం చెప్పు బిడ్డా. ఇంట్ల అందరు పిచ్చోడంటున్రు. నా ముక్కును నేనే నమ్ముతలేను."

రెండూ వాసన చూశాను. గడ్డి ఉన్నదాంట్లో తక్కువే. ఆ మాటే చెప్పాను. ఆయన మూటలు కండక్టర్‌కు అందించాడు.

"అవు, తక్కువనే ఉన్నది," అని కండక్టర్ టికెట్టు కొట్టాడు.

సిద్దిపేటలో దిగేదాకా ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూనే ఉన్నాడు, జాలిపడి అబద్ధం చెప్పామేమోనని.