తాడు పట్టే మనిషి

కొండతేనె దించేవాడి ప్రాణం తేనెటీగల చేతుల్లో ఉంటుందని మైదానపు జనం అనుకుంటారు. కాదు, పైన నిలబడి తాడు పట్టుకున్న మనిషి చేతుల్లో ఉంటుంది. ఆ మనిషి ఎవరన్నది నల్లమల చెంచుల్లో వందల ఏళ్ళ కిందటే తేలిపోయిన సంగతి. పెండ్లాం తోడబుట్టినవాడే పట్టాలి. అన్నదమ్ములన్నాక ఎప్పుడో ఒకప్పుడు మాటామాటా వచ్చి మనసు విరగొచ్చు. బామ్మర్దికి ఎంత కోపమున్నా తాడు మాత్రం వదలడు, వదిలితే తెగేది తన తోడబుట్టినదాని తాళే. అహోబిలం నరసింహస్వామి అంతటివాడే చెంచుల పిల్లను చేసుకుని వాళ్ళకు బావ అయ్యాడు, ఇక మామూలు మనుషులకు బామ్మర్ది అండ అక్కర్లేదా!

ఓబులేసుకు ఆ అండ మద్దయ్య. భార్య గురవమ్మకు తమ్ముడు. అహోబిలం దాటి అడవిలోకి పోతే, బస్సు కండక్టర్లకు పేరు కూడా తెలియని గూడెం వాళ్ళది. పెళ్ళయిన ఏటి నుంచి పదకొండు వేసవులు ఓబులేసు నారతాడు నడుముకు కట్టుకుని కొండ చరియలు దిగాడు, మద్దయ్య పైన కూర్చుని కాళ్ళు రాతికి తన్నిపెట్టి తాడు పట్టాడు. మధ్యలో మాటలు వినబడవు. తాడును ఒకసారి గుంజితే ఇంకా దించమని, రెండుసార్లయితే ఆపమని, మూడుసార్లయితే పైకి లాగమని. గుంజిన ప్రతిసారీ పైనున్నవాడు విన్నానని తిరిగి ఒక్క గుంజు గుంజాలి. నిలువు బండకు వేలాడుతూ, ముఖం చుట్టూ ఈగల హోరు, కళ్ళల్లో పొగ. అప్పుడు ఆ జవాబు నడుముకు తగలగానే ఓబులేసుకు భూమి మీద నిలబడ్డంత ధైర్యం వచ్చేది. ఇద్దరూ ఇంట్లో పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. మాట్లాడుకోవలసిందంతా ఆ తాడు మీదే అయిపోయేది.

పంతొమ్మిది వందల తొంభైమూడు వైశాఖంలో గురవమ్మకు జ్వరం వచ్చింది. తేనె తయారుగా ఉన్న రోజులు. రెండు దినాలు ఆలస్యమైతే పక్క గూడెం వాళ్ళు దించుకుపోతారు.

"జరమే కదా, అదే పోతాది. మీరు పొండి," అంది గురవమ్మ. ఆరేళ్ళ కూతురు నాగవేణిని పక్కన పడుకోబెట్టుకుని దుప్పటి కప్పుకుంది. బావా బామ్మర్దులిద్దరూ వెళ్ళారు. రెండు దినాలు కొండమీదే ఉన్నారు. మూడోనాడు వచ్చేసరికి ఆమె మనుషులను గుర్తుపట్టడం లేదు. డోలీ కట్టి మోసుకుని అహోబిలం దించి, జీపులో ఆళ్లగడ్డ, అక్కడినుంచి బస్సులో నంద్యాల తీసుకుపోయారు. ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, "రెండు దినాల ముందు తెచ్చింటే బాగుండేదప్పా," అన్నాడు. పాపం, ఆయన తిట్టలేదు, ఉన్నమాటే చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు ఓబులేసు మద్దయ్య ముఖం చూడలేదు, మద్దయ్య ఓబులేసు ముఖం చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం గురవమ్మ పోయింది.

దినాలు అయ్యాక మద్దయ్య తాడు చుట్ట తెచ్చి ఓబులేసు ముందర పెట్టాడు.

"ఇంగ నేను పట్టను బావా."

అంతే. తప్పు పట్టడానికీ లేదు. అక్క పోయాక బామ్మర్దికి ఆ బాధ్యత తీరిపోయినట్టే. కానీ ఓబులేసుకు ఆ మాట వేరేగా వినబడింది. మా అక్కను నువ్వే చంపుకున్నావు, నీ తాడు నేనెందుకు పట్టాలి అన్నట్టు వినబడింది. నిజంగా అదేనా అని అడగడానికి నోరు రాలేదు. అవునంటే ఏం చేయాలి?

మరుసటి ఏడు వేసవికి ఓబులేసు ఎవరికీ చెప్పకుండా ఒక్కడే కొండెక్కాడు. తాడు తీసుకుపోయి ఒక ఏగిస మానుకు కట్టాడు. ఇద్దరు మనుషులు చేతులు చాచినా అందనంత లావు మాను. మద్దయ్యలాంటి వాళ్ళు పదిమంది కలిసినా దాని బలానికి చాలరు. దిగాడు. సగం దిగాక, అలవాటు మానదు కదా, తాడు ఒకసారి గుంజాడు. పైనుంచి ఏమీ రాలేదు. మళ్ళీ గుంజాడు. పలకదని తెలిసి కూడా గుంజాడు. తుట్టె ఇంకా నాలుగు బారల దూరంలో ఉండగానే చేతులు గీరుకుపోయేలా పాకి పైకి వచ్చేశాడు. కొండ చరియ మీద ఓబులేసుకు భయం తెలియడం అదే మొదటిసారి.

గూడెంలో ఇలాంటివి దాగవు. "మాను చెల్లెల్ని ఎప్పుడు చేసుకున్యావప్పా? మాకు పప్పన్నం యాడ?" అని ఎగతాళి పట్టించారు. మద్దయ్య మాత్రం నవ్వలేదు, ఏమీ అనలేదు. ఆ మౌనమే ఓబులేసును కొండ దింపింది. కూతురిని మద్దయ్య ఇంట్లోనే వదిలి, నాలుగు దినాలు కూలి చేసుకుని వస్తానని ఆళ్లగడ్డకు వచ్చాడు. ఆ నాలుగు దినాలు పదమూడేళ్ళయ్యాయి.

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే పనివాళ్ళ ఉలి చప్పుడు తెల్లవారితే మొదలవుతుంది. వచ్చిన కొత్తలో ఒకరోజు రంగయ్య ఆచారి పనిచోటు ముందు ఓబులేసు ఊరికే నిలబడి చూస్తున్నాడు. ఆంజనేయస్వామి విగ్రహాన్ని లారీ ఎక్కిస్తున్నారు. నిలువెత్తు నల్లరాయి, ఆరునెలల పని. ఎనిమిదిమంది తాళ్ళు పట్టుకుని పలక మీదుగా పైకి లాగుతుంటే ఒకడి కాలు జారింది, విగ్రహం పక్కకు ఒరిగింది. ముక్కు కొస చిట్లినా చాలు, ఇక ఆ దేవుడు పూజకు పనికిరాడు. ఓబులేసు ఎవరినీ అడగలేదు. జారిపోతున్న తాడు కొస అందుకుని లారీ కొక్కేనికి రెండు చుట్లు తిప్పి, మడమలు నేలలో దిగేసి వెనక్కి వాలిపోయాడు. విగ్రహం ఆగింది.

ఆచారి ముఖం మీది చెమట తుడుచుకుని దగ్గరికి వచ్చాడు.

"ఈ ముడి యాడ నేర్చుకున్యావప్పా?"

"కొండకాడ."

"ఆడ ఏం దించేటోళ్ళు?"

"నన్నే."

ఆచారి పగలబడి నవ్వాడు. ఆ సాయంత్రానికి ఓబులేసుకు పని, పనిచోటు వెనక రేకుల గది, రెండూ దొరికాయి. చెక్కడం రాదు, నేర్చుకోనూలేదు. ఆయన పనల్లా తయారైన విగ్రహానికి గోనెపట్టలు చుట్టడం, తాళ్ళు కట్టడం, లారీ ఎక్కించడం, పోయిన ఊళ్ళో పీఠం మీద దించడం. కప్పీకి తగిలించి విగ్రహాన్ని పైకెత్తినప్పుడు ఎంతమంది ఉన్నా ఆఖరు తాడు ఓబులేసు చేతిలోనే ఉండాలని ఆచారి పట్టుబట్టేవాడు. "వీడు పడితే దేవుడికి కూడా భయం ఉండదు," అనేవాడు. కొండలో దిగే మనిషి, మైదానంలో దించే మనిషయ్యాడు. పేరూ వచ్చింది. కానీ రాయి తాడు గుంజదు. ఎంత జాగ్రత్తగా దించినా విన్నానని చెప్పదు.

నంద్యాలకు ఎన్నిసార్లు విగ్రహాలు తీసుకుపోయాడో లెక్కలేదు. నూనెపల్లెలో ఒకసారి అమ్మవారిని దించాక, పూజారి కొబ్బరిచిప్ప చేతిలో పెట్టి, "బలే దించినావప్పా, పువ్వు పెట్టినట్టు పెట్టినావు," అన్నాడు. తిరుగు దారిలో లారీ ఆసుపత్రి ముందునుంచి పోయింది. ఓబులేసు ఎప్పటిలాగే ముఖం అవతలివైపుకు తిప్పుకున్నాడు. ఇంత బరువును పట్టగలిగిన చేతులు ఆరోజు గురవమ్మను పట్టలేకపోయాయి కదా అని ఆళ్లగడ్డ చేరేదాకా ఏడ్చాడు. డ్రైవరు కళ్ళల్లో దుమ్ము పడిందనుకుని అద్దం ఎత్తాడు.

మళ్ళీ పెళ్ళి చేసుకోమని చెప్పనివాళ్ళు లేరు. గూడెం పెద్దలు ఒక సంబంధం కూడా చూశారు. పిల్లకు ముగ్గురు అన్నదమ్ములు. "ఒకడు కాదు, ముగ్గురు పడతారు తాడు, ఇంగేం కావల్ల నీకు?" అన్నారు. లోకం దృష్టిలో అది మంచిమాటే. ఓబులేసు వద్దన్నాడు. ఎవరో ఒకరు పడితే చాలనుకుంటే మాను కూడా చాలు. ఆయనకు మద్దయ్యే పట్టాలి. మద్దయ్య వచ్చి, దా బావా పోదాం అంటే చాలు, గురవమ్మ విషయంలో తనకు క్షమాపణ దొరికినట్టే. ప్రతి వైశాఖంలోనూ ఆ మాట కోసం ఎదురుచూశాడు. ఎండ ముదిరి, కొండవైపు నుంచి ఒక రకం పూల వాసన వచ్చే రోజుల్లో ఆయన అన్నం సరిగా తినడని ఆచారికి కూడా తెలుసు.

నాగవేణి మేనమామ ఇంట్లోనే పెరిగింది. రెండు వేల ఆరులో మద్దయ్య కొడుకు హరికే ఆమెను ఇచ్చి పెళ్ళి చేశారు. మేనరికం, పుట్టినప్పుడే అనుకున్నది. పెళ్ళిలో వియ్యంకులిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. వానల గురించి మాట్లాడుకున్నారు, బస్సుల గురించి మాట్లాడుకున్నారు. తాడు మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ మరుసటి వైశాఖంలో, మధ్యాహ్నం పూట, మద్దయ్య రంగయ్య ఆచారి పనిచోటుకు వచ్చాడు. రాతిపొడిలో చెప్పులు విడిచి, కాసేపు విగ్రహాల మధ్య దిక్కులు చూసి, గోనెపట్టలు కుడుతున్న ఓబులేసు ఎదుట నిలబడ్డాడు.

"బావా, కొండకు పోవల్ల. వస్తావా?"

ఓబులేసు చేతిలోని సూది కిందపడింది. నలభైఏడేళ్ళ మనిషి పసిపిల్లవాడిలా లేచాడు. కాళ్ళూ చేతులూ కడుక్కున్నాడు, పంచె మార్చాడు, మద్దయ్య నీళ్ళు తాగేలోపల సంచి సర్దుకున్నాడు.

"నేను పోతాండా ఆచారీ."

"మల్ల ఎప్పుడు వస్తావ్?"

ఆ మాటకు జవాబు చెప్పడం కూడా మరిచిపోయి బయటపడ్డాడు.

అహోబిలం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఓబులేసు మోకాళ్ళు ఒత్తుకుని చూసుకున్నాడు. పర్వాలేదు, ఇంకా దిగగలడు. అప్పుడు మద్దయ్య చెప్పాడు.

"హరిగాడు దిగుతాడంట బావా. ఈ ఏడే మొదలు. నాగవేణికి అన్నదమ్ములు లేరు కదా. వాని తాడు ఎవరు పట్టల్ల? పెద్దోళ్ళను అడిగితే పిల్ల నాయనే పట్టల్ల అన్న్యారు. నువ్వే పట్టల్ల."

ఓబులేసు తల కిటికీవైపు తిప్పుకున్నాడు. పదమూడేళ్ళు కాచుకున్న పిలుపు తనను దిగమని కాదు. తను పైనే. ఎవడో కుర్రాడు తన బండ దిగుతాడు, తన తుట్టెలు కోస్తాడు. అసూయ కలిగింది, అల్లుడి మీద. సిగ్గుపడ్డాడు గానీ కలిగింది మాత్రం నిజం.

మర్నాడు తెల్లవారుతూనే కొండ చరియ చేరారు. నాగవేణి కూడా వచ్చి దూరంగా కూర్చుంది. హరి తాడు నడుముకు కట్టుకుని, "పోయొస్తా మామా," అని నవ్వుతూ అంచు దాటి దిగిపోయాడు. ఓబులేసు కాళ్ళు రాతికి తన్నిపెట్టి తాడు వదులుతున్నాడు. విగ్రహం కంటే ఎంతో తేలిక. అయినా తాడును రెండింతలు బిగించి పట్టాడు. దిగేటప్పుడు బండ కనబడేది, ఈగలు కనబడేవి, పని ఉండేది. ఇక్కడ కనబడేది తాడొక్కటే. కూతురు తనవైపు చూస్తోందని తెలుస్తూనే ఉంది, అటు చూడడానికి ధైర్యం చాలలేదు. ఒక్క గుంజు వచ్చింది. తిరిగి గుంజాడు. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. కిందవాడు ఉన్నాడో లేడో తాడును బట్టే తెలుసుకోవాలి. పదకొండేళ్ళు మద్దయ్య ప్రతి వేసవిలో ఇది మోశాడా? ఒక్కసారైనా చెప్పలేదే!

పక్కనే కూర్చున్న మద్దయ్య నేలను చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఆ రెండు దినాలు నువ్వు కింద ఉన్న్యావు, నేను పైన ఉన్న్యా. ఈడ కూచ్చోని అక్క గురించే తలుసుకుంటాండా. పోదాం బావా అని తాడు మూడుసార్లు నేనే గుంజింటే నువ్వు వచ్చేటోడివి. గుంజలేదు. నీ మీద కోపం కాదు బావా. ఆయమ్మను పట్టలేని చేతులు నిన్ను మాత్రం పడతాయా? నాకు నా చేతుల మీద నమ్మకం పాయె."

ఓబులేసు ఏం చెప్పబోయాడో గానీ తాడు మూడుసార్లు గుంజింది. ఇద్దరూ కలిసి లాగారు. హరి ముఖమంతా వాచి, బుట్టనిండా తేనెతో అంచు ఎక్కాడు. నాగవేణి పరుగెత్తుకొచ్చి మొగుడిని తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత బుట్ట అందుకుంది.

రెండో తుట్టె ఇంకా ఉంది. మద్దయ్య లేచి నిలబడ్డాడు. తాడు పై కొస తన నడుముకు చుట్టుకుని ఓబులేసు ముఖంలోకి చూశాడు.

"ఇది నువ్వు దిగుతావా బావా? నేను పడతా."

ఎన్ని వైశాఖాలు ఈ మాట కోసం ఎదురుచూశాడు! ఆళ్లగడ్డ రేకుల గదిలో, లారీల మీద, నంద్యాల దారుల్లో తను విన్నట్టు ఊహించుకున్నది సరిగ్గా ఈ మాటే. అంచు అవతలినుంచి పొగ వాసన, తేనె వాసన కలిసి వస్తున్నాయి. ఓబులేసు ప్రాణం అటు లాగింది. మద్దయ్య చేతులవైపు చూశాడు. అవి వణకకూడదని తాడును ఎంత గట్టిగా బిగించి పట్టుకున్నాయో ఇప్పుడు ఓబులేసుకు తెలుసు. నిన్నటిదాకా అయితే తెలిసేది కాదు, దిగిపోయేవాడే.

"వద్దు మద్దయ్యా," అన్నాడు. "వాడే దిగుతాడు. మనమిద్దరం పడదాం, కూచ్చో."

మద్దయ్య నడుము నుంచి తాడు విప్పకుండానే కూర్చున్నాడు. ఓబులేసు అతని వెనక కూర్చుని, బామ్మర్ది చేతుల పక్కనే తన చేతులు వేసి తాడు పట్టుకున్నాడు. హరి మళ్ళీ అంచు దాటాడు. కింద నుంచి ఒక్క గుంజు వచ్చింది, ఇద్దరూ కలిసి జవాబు చెప్పారు.