కాగితాలమ్మ పెట్టిన పరీక్ష

ఆ కాలంలో ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధి పిల్లలను భయపెట్టడానికి పులులూ దయ్యాలూ అక్కర్లేదు, అచ్చేసిన కాగితం ఒకటి చాలు. నాకప్పుడు పధ్నాలుగేళ్లు, ఏడో తరగతి. (ఆ తరగతిని వదల్లేక రెండోసారి చదువుతున్నాను లెండి.) "ఈ తూరి యే పరీక్ష తప్పినా బడి బందు. రాట్నం ముందర కూసోని నూలు కండెలు సుట్టుకో" అని మా నాయన అప్పటికే తేల్చి చెప్పాడు.

సరిగ్గా అప్పుడే పట్నం నుంచి ఒకామె సంచీ నిండా కాగితాలతో మా బడికి వచ్చింది. మేం ఆమెకు కాగితాలమ్మ అని పేరు పెట్టేశాం. మీ ఈడు పిల్లలు ఎట్లా ఎదుగుతున్నారో తెలుసుకోవడానికి దేశదేశాల్లో ఇవే ప్రశ్నలు అడుగుతున్నారని చెప్పింది. "ఇందులో తప్పూ ఒప్పూ లేవు, ఫెయిలవడం లేదు" అంది. ఫెయిలవడం లేని పరీక్ష లోకంలో ఉంటుందా? నా అరచేతుల చెమటకు కాగితం మెత్తబడిపోయింది.

'నేను తెలివైనదాన్ని.' 'నన్ను చూసి ఇంట్లోవాళ్లు గర్వపడతారు.' ప్రతిదాని కిందా ఎప్పుడూ, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు అని మూడు గళ్లు. మా ఇళ్లలో మగ్గం మీదున్న చీరను బాగుందని ఎవరూ అనరు. అంటే దిష్టి తగిలి పోగు తెగుతుంది. చీరకే అంత ఉంటే మనిషికి ఎంతుండాలి? అన్నిటికీ 'ఎన్నడూ లేదు' గడిలో టిక్కు పెట్టి, అణకువకైనా నాలుగు మార్కులు పడతాయని ఆశపడ్డాను.

మూడోరోజు కాగితాలమ్మ మా ఇంటికే వచ్చింది. తప్పానని చెప్పడానికే వచ్చిందనుకుని నూలు మోపుల వెనక నక్కాను. ఆమె ముఖం చావు కబురు తెచ్చినట్టుంది.

"పాప మనసులో ఏదో బాధ ఉందండీ. మీరు కొడతారా?"

"కొట్టేకి తీరికేడుందమ్మా?" అన్నాడు నాయన, మగ్గం గుంటలోంచి లేవకుండానే.

"తెలివైన పిల్లేనా?"

"యాడి తెలివి లేమ్మా! మట్టిబుర్ర."

"ఇంట్లో సాయం చేస్తుందా?"

"ఏదో, సేస్తాది."

ఆమె దిగులుగా రాసుకుంటోంది. ఒక్కో మాటకూ నేను రాట్నానికి ఒక జాన దగ్గరవుతున్నాను.

లేవబోతూ ఆమె మగ్గం మీది చీర చూసి, "అబ్బ, ఎంత బాగుందండీ!" అంది. అంతే! నాయన తల్లి, మా జేజి, వంటింట్లోంచి ఒక్క ఉరుకున వచ్చి, థూ థూ అంటూ గుప్పెడు ఉప్పుతో చీరకు దిష్టి తీసింది. నాయన గాబరాగా, "యేం బాగుందిలేమ్మా, ఏదో గుడ్డ" అన్నాడు.

కాగితాలమ్మ చీరను చూసింది, నాయనను చూసింది, మోపుల వెనక నుంచి కనబడుతున్న నా జడను చూసింది. "ఇది ఏదో గుడ్డ అయితే, అది మట్టిబుర్రన్నమాట!" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"అదంతా కాదు తల్లీ, తప్పిందా, పాసయిందా? అది సెప్పు" అన్నాడు నాయన.

"నా కాగితమే తప్పిందండీ."

ఆమె వెళ్లాక నాయన చాలాసేపు పోగులు సర్దాడు. నావైపు చూడకుండానే, "ఏదో... ఇంగో ఏడు పోనీలే బడికి" అన్నాడు. (ఆ ఇంకో ఏడే నా ఆఖరి చదువు. ఆ తర్వాత రాట్నమే.)

మొన్న మా మనవరాలు బడి నుంచి అట్లాంటి కాగితమే తెచ్చి, అన్నిటికీ 'ఎప్పుడూ' అని టకటకా టిక్కులు పెడుతుంటే నా ప్రాణం గిలగిల్లాడింది. దాని వెనక నిలబడి చప్పుడు కాకుండా ఉప్పుతో దిష్టి తీశాను.

"అవ్వా, నువ్వు సంతోషంగా ఉండావా? నీకేం పెట్టాల?"

"ఏదో ఉండానని పెట్టు."

"అట్లాంటి గడి లేదవ్వా."

"ఇన్నేండ్లయినా ఇంగా పెట్టలేదా?" అన్నాను.